డెడికేటెడ్ సర్వరు నెంచుకొనుట

విద్యార్థులారా, ఒక్కరే యద్దెకు దీసికొను సంపూర్ణయంత్రమును డెడికేటెడ్ సర్వరందురు. పలువురు పంచుకొను సర్వరు సత్రమువంటిది. ఇది వేఱింటి కాపురము. జనులు ప్రాసెసరు వేగమునే విచారింతురు గాని, ర్యామును డిస్కులును ముందు చూడదగినవని నా యభిప్రాయము. డేటాబేసు ర్యాములో నిముడనిచో మాటిమాటికి డిస్కును వెదకవలసివచ్చి, యెంతటి ప్రాసెసరైనను ఊరక వేచియుండును.

రెండు డిస్కులపై నొకే ప్రతిని వ్రాయుట రైడ్ 1. ఒకటి చెడినను రెండవది నడుపును. అయితే పొరపాటున నొక ఫైలును తుడిచితిమా, రెండింటను మాయమగును! కావున బ్యాకప్పు వేఱుగా నుండవలెను; అదియు వేఱొక యూర. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గున ఓవీహెచ్ సంస్థవారి సర్వర్ల భవనము దగ్ధమైనప్పుడు, ప్రతులను గూడ నచ్చటనే యుంచిన కొందఱు సమస్తమును గోల్పోయిరి. అద్దె మాటలాడుటకు ముందే, బ్యాకప్పు ఏ యూర నుండునో యడుగుడు.