చక్రము చెప్పు మాట

గుఱ్ఱపుస్వారియందు ఆరితేరిన రౌతు కళ్ళెమును బిగించి పట్టడు. వ్రేళ్ళ నడుమ తేలికగా నుంచుకొనును. అతని కోరిక ఆ కళ్ళెము ద్వారా గుఱ్ఱమునకు తెలియును. గుఱ్ఱము బెదరినను, అలసినను, దాని కాలు జారబోవుచున్నను ఆ సంగతి అదే కళ్ళెము ద్వారా రౌతు చేతికి తెలియును. మోటారుకారునందు స్టీరింగు చక్రము చేయవలసిన పనియు నిట్టిదే. కారును కుడికిని ఎడమకును త్రిప్పుట దాని పనిలో సగము మాత్రమే. నేల యెట్లున్నదో, టైరులు దానిని గట్టిగా పట్టుకొన్నవో లేదో నడపువానికి తెలుపుట తక్కిన సగము.

ఆ వార్త చేతికెట్లు వచ్చును? సైకిలును పరికించినచో కొంత బోధపడును. సైకిలు ముందరి చక్రమును పట్టియుండు ఫోర్కు నిటారుగా నుండదు, ఏటవాలుగా నుండును. అది తిరుగు ఇరుసు గీతను నేలవఱకు పొడిగించినచో, చక్రము నేలను తాకు చోటికి కొంచెము ముందుగా పోయి తగులును. అందుచేత చక్రము ఆ గీత వెంట ఈడ్వబడుచున్నట్లుండి, ప్రక్కకు తిరిగినను మరల తిన్నబడుటకు యత్నించును. కారు ముందరి చక్రములును ఇట్లే అమర్పబడును. మలుపులో నేల టైరును ప్రక్కకు త్రోయు బలము చక్రమును తిన్నగా త్రిప్పజూచును. ఆ బలమే కడ్డీల ద్వారా పైకి వచ్చి చేతికి బరువుగా తోచును.

ఇందులో నొక విశేషము కలదు. మలుపు బిగిసిన కొలది ఆ బరువు పెరుగును. కాని టైరు పట్టు కోల్పోవు సమయము సమీపించినపుడు, పూర్తిగా జారుటకు ముందే, బరువు తగ్గుటకు మొదలిడును. చక్రము తేలికయైనట్లు తోచును. “ఇక చాలు, వేగము తగ్గింపుము” అని టైరు చెప్పు మాట యదియే. తడిసిన దారిలో ఈ మాట వినినవాడు వేగము తగ్గించి గట్టెక్కును. విననివాడు చక్రమును ఇంకను త్రిప్పును. కారు మాత్రము తిరుగక మలుపు దాటి బయటికి పోవును. కావున స్టీరింగు చక్రపు స్పర్శ వేడుక మాత్రమే కాదు. అది ప్రాణరక్షణకు పనికివచ్చు తెలివి.

కార్లు బరువెక్కిన కొలది చక్రమును త్రిప్పుట శ్రమయయ్యెను. 1951లో అమెరికాయందు క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో నూనె పీడనముతో పనిచేయు సహాయక యంత్రము నమర్చి విక్రయించెను. 1988లో జపానునందు సుజుకి సెర్వో అను చిన్న కారులో ఆ పనికి విద్యుత్తు మోటారు వచ్చెను. నూనె పంపు ఇంజను నడచునంతసేపును తిరుగుచుండవలెను. విద్యుత్తు మోటారు అవసరమైనపుడే శక్తిని వాడుకొనును. ఇంధనము ఆదా యగుటచే నేటి కార్లలో ఎక్కువభాగము దీనినే గ్రహించినవి. కాని మేలు వెంట ఒక లోపమును వచ్చెను. మోటారు బరువును, పళ్ళచక్రముల రాపిడియు నడుమ నిలిచి నేలనుండి వచ్చు సన్నని కదలికలను మ్రింగివేయును. శ్రమ తగ్గెను, వార్తయు తగ్గెను.

పోయిన వార్తను మరల తెచ్చుటకు ఇంజనీర్లు చేసిన కృషికి మాజ్దా ఎమ్‌ఎక్స్-5 అను రెండు సీట్ల కారు మంచి నిదర్శనము. జపానులోని హిరోషిమాయందు వెలసిన మాజ్దా సంస్థ 1989లో దీనిని లోకమునకు చూపెను. దీనిని రూపొందించినవారు పెట్టుకొన్న ఆదర్శము “జిన్‌బా ఇట్టై”. రౌతును గుఱ్ఱమును ఒకే దేహమగుట అని దాని భావము. జపానునందు యాబుసామె అను విద్య కలదు. అందు విలుకాడు పరుగెత్తు గుఱ్ఱముపై కళ్ళెము విడిచి, రెండు చేతులతోను విల్లెక్కుపెట్టి గురిని కొట్టును. ఒకరి మనసొకరికి తెలియనిదే అది సాధ్యపడదు.

ఆ ఆదర్శమునకై వారు గొప్ప శక్తిగల ఇంజనును వెదుకలేదు, బరువును తగ్గించిరి. మొదటి కారు తూకము సుమారు 940 కిలోలు మాత్రమే. ఇంజనును ముందరి ఇరుసునకు వెనుకగా జరిపి, ముందు వెనుకలకు బరువు ఇంచుమించు సమముగా పంచిరి. 2015లో అమ్మకమునకు వచ్చిన నాలుగవ తరపు కారులో విద్యుత్తు సహాయము తప్పలేదు. అయినను మోటారును చేతి దగ్గరి కడ్డీకి గాక, క్రింద చక్రములను త్రిప్పు పళ్ళకడ్డీకే చేర్చిరి. 2023లో ఆ పళ్ళకడ్డీ రాపిడిని ఇంకను తగ్గించిరి. అదనముగా నొకటి చేర్చుటకంటె అడ్డమైనదానిని తొలగించుటయే వారి మార్గము.

కారు గలవారికిని ఈ మార్గమే శ్రేయస్కరము. కొందఱు కొన్న వెంటనే మిక్కిలి వెడల్పైన టైరులను, గట్టి స్ప్రింగులను బిగింతురు. బరువైన చక్రము గతుకులపై ఎగిరిపడును; మితిమీరి గట్టిపడిన స్ప్రింగు టైరును నేలపై నిలువనీయదు. నేలను తాకని టైరు ఏ వార్త చెప్పగలదు? ముందుగా చూడవలసినవి చిన్నవి. టైరులలో గాలి నిర్ణయించినంత ఉన్నదా? ముందరి చక్రముల అలైన్‌మెంటు సరిగానున్నదా? కీళ్ళయందలి రబ్బరు బుష్షులు అరిగి వదులైనవా? వీనిని సరిచేసిన పిమ్మట గాని ఖర్చుగల మార్పులకు పోరాదు. మార్చునపుడును ఒక్కొక్కదానినే మార్చి, నడపి చూడవలెను. అన్నియు ఒక్కమారే మార్చినచో మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన కలిగెనో తెలియదు.

చివరకు మిగులునది నడపువాని చేయి. చక్రమును పిడికిట బిగించి పట్టినవానికి తన బలమే తెలియును గాని దారి తెలియదు. తేలికగా పట్టి శ్రద్ధతో నడపువానికి ఇసుకయు, తడియు, గతుకును చేతికే తెలియును. అట్టివాడు వేగమునకు లొంగడు. ఎచట తగ్గవలెనో చక్రమే అతనికి చెప్పును. ఆజ్ఞాపించుట ఎవరికైనను సులభమే. ఆజ్ఞాపించుచునే వినగలుగుట నేర్పు.