ఇనుము కోయుటకు ముందు

గ్రామములందు రైతులు జాకీతో పైకి లేచు ట్రాక్టరు ట్రాలీలను వెల్డింగు షాపులలో స్వయముగా చేయించుకొనుచున్నారు. ఈ విషయమున పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది కలదు. నూనె పీడనమును పిస్టన్ వైశాల్యముతో గుణించిన జాకీ బలము తెలియును. కాని జాకీ తొట్టితో 30 డిగ్రీల కోణమున నున్నచో అందు సగమే, 10 డిగ్రీల కోణమున సుమారు ఆరవవంతే తొట్టిని ఎత్తుటకు ఉపకరించును. జాకీపై భారము అధికముగా నుండునదియు ఆ ఆరంభముననే. కావున ఇనుము కోయుటకు ముందే ఫ్రీక్యాడ్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో కొలతలతో బొమ్మ గీసి, తొట్టిని తెరపై ఎత్తి దించి చూడవలెను. జాకీ బిగించు చోటును తెరపై మార్చుట క్షణకాలపు పని. ఇనుముపై మరల కోత, మరల అతుకు.

ఎంత చక్కని బొమ్మయైనను నూనె గొట్టము పగులుటను ఆపజాలదు. గట్టి ఆధారము నిలుపనిదే ఎత్తిన తొట్టి క్రిందికి ఎవ్వరును పోరాదు. ఈ మాటను సభ్యులు ప్రతి షాపునకును తెలియజేయుదురు గాక.