ప్రోగ్రాము చెప్పే చివరి మాట

అమ్మ మీ తమ్ముణ్ణి పంచదార తెమ్మని కొట్టుకు పంపిందనుకోండి. వాడు తెస్తే సరే. తేలేకపోతే ఎందుకు తేలేదో చెప్పాలి గదా! కొట్టు మూసి ఉందా? సరుకు లేదా? డబ్బు చాలలేదా? ఏమీ చెప్పకుండా ఆటకు పోతే, అమ్మ పాలు కాచి ఎదురు చూస్తూనే ఉంటుంది.

కంప్యూటరులో ప్రోగ్రాములు కూడా ఇలాగే ఒకదాన్నొకటి పనికి పంపుకుంటాయి. పని ముగించిన ప్రోగ్రాము తనను పంపినదానికి ఒక సంఖ్యను అందించి వెళుతుంది. దీనినే 'ఎగ్జిట్ కోడ్' అంటారు. యునిక్స్, లినక్స్ వ్యవస్థలలో 0 అంటే "పని జరిగింది" అని అర్థం. మరే సంఖ్య వచ్చినా "జరగలేదు" అని అర్థం.

పరీక్షలో సున్న వస్తే చిన్నబోతాం. ఇక్కడ అది శుభవార్త ఎలా అయింది? పని నెరవేరితే "అయింది" అన్న ఒక్క మాట చాలు. చెడితే మాత్రం కారణాలు అనేకం. ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క సంఖ్య కావాలి. అందుకే మిగిలిన సంఖ్యలన్నీ వాటికి వదిలారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో రూపొందించిన సి భాషలో, ప్రధాన భాగం చివర 'రిటర్న్ 0' అని రాసేది ఇందుకే.

ఇందులో ఒక చిక్కు ఉంది. యునిక్స్‌లో ఈ సంఖ్యకు సాధారణంగా దక్కే చోటు 8 బిట్లే. అంటే 0 నుంచి 255 వరకే పడుతుంది. 256 పంపితే? దాన్ని 256తో భాగించగా మిగిలే శేషం మాత్రమే చేరుతుంది. అది 0! చెడిన పని జరిగినట్లే కనబడుతుంది.

లోపాన్ని తెలపడం ఎంత ముఖ్యమో, తెలిపినదాన్ని గుర్తించడమూ అంతే ముఖ్యం. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కురూ నుంచి ఏరియాన్ 5 రాకెట్టు తొలిసారి లేచింది. దిశను కనిపెట్టే పరికరంలో అడా భాషలో రాసిన ప్రోగ్రాము ఉంది. అది ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల చోటులో ఉంచబోయింది. అక్కడ 32,767 దాటితే పట్టదు. పట్టకపోతే ఏం చేయాలో ప్రోగ్రాములో రాయలేదు. పరికరం ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉండడంతో అదీ ఆగింది. ఆగుతూ పంపిన లోపసమాచారాన్ని ప్రధాన కంప్యూటరు దిశను తెలిపే అంకెలే అనుకుంది. రాకెట్టును పక్కకు తిప్పింది. నిమిషం గడవకముందే రాకెట్టు ముక్కలైంది.

కనుక ప్రోగ్రాము రాసేటప్పుడు "ఇది జరగకపోతే?" అని అడుగడుగునా ప్రశ్నించుకోండి.

ఇప్పుడు మీకొక లెక్క: ప్రోగ్రాము 300 పంపితే చేరే సంఖ్య ఎంత?