పాలపుంత నడిబొడ్డు ఎంత దూరం?

దసరా సెలవులకి ముందు, వాన తెరిపిచ్చిన రాత్రి, భోజనాలయ్యాక నైరుతి వైపు చూడండి. తేలు తోకలా వంకర తిరిగిన చుక్కలుంటాయి. ఆ కొండి దగ్గర మెరిసేదే మూలా నక్షత్రం. దాని ఎడమపక్క ధనూరాశి. ఈ రెంటికీ మధ్యే మన పాలపుంత నడిబొడ్డు ఉంది. కాని కనపడదు. ఎంత పెద్ద దూరదర్శిని పెట్టినా మామూలు వెలుగులో కనపడదు. మధ్యలో ధూళి మేఘాలు అడ్డం. అక్కడి వెలుగులో లక్ష కోట్లలో ఒక వంతే మన దాకా వస్తుంది!

వంటశాల పొగలోంచి బల్బు ఎర్రగా కనిపిస్తుంది కదా. నీలం వెలుగు పొగలో చెదిరిపోతుంది, ఎరుపు దాటి వస్తుంది. ఎరుపుకి అవతలుండే పరారుణ కిరణాలు ఇంకా బాగా దాటుతాయి. వీటిని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. ఈ కిరణాలతోనే పాలపుంత కేంద్రాన్ని పట్టుకున్నామని 1968లో బెక్లిన్, న్యూగెబావర్ ప్రకటించారు.

సరే, చూశారు. మరి దూరం ఎలా కొలిచారు? ఇక్కడ ముసలి నక్షత్రాలు పనికొచ్చాయి. కడుపులో హైడ్రోజన్ అయిపోయిన నక్షత్రం బాగా ఉబ్బి, పైన చల్లబడి ఎర్రనవుతుంది. మన సూర్యుడికీ సుమారు 500 కోట్ల ఏళ్ళకి అదే గతి. వీటిలో మైరా అనే జాతి ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. ఒక్కో చుట్టుకి వంద రోజుల నుంచి ఏడాది పైన పడుతుంది. చుట్టు ఎంత పెద్దదో అసలు వెలుగు అంత ఎక్కువ. అంటే రోజులు లెక్కపెడితే బల్బు ఎన్ని వాట్లదో తెలిసినట్టే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది కాబట్టి, కనిపించే వెలుగుని బట్టి దూరం కట్టొచ్చు.

జపాన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు 2001 నుంచి 2008 దాకా ఇదే పని చేశారు. దక్షిణాఫ్రికాలో సదర్లాండ్ అనే చోట 1.4 మీటర్ల దూరదర్శినితో, కేంద్రం చుట్టూ చిన్న ముక్క ఆకాశాన్నే మళ్ళీ మళ్ళీ ఫోటో తీశారు. ఎనిమిదేళ్ళు ఒకే చోట చూడ్డమంటే మాటలా! నెమ్మదిగా వెలుగు మారే తారలు 1,364 దొరికాయి.

నాకు ఒక అనుమానం వచ్చింది. చుక్క మసకగా ఉంటే అది దూరం వల్లా, ధూళి వల్లా? పరారుణాన్ని కూడా ధూళి కొంత తినేస్తుంది కదా. అందుకే వాళ్ళ కెమెరా ఒకేసారి మూడు రకాల పరారుణ కిరణాల్లో ఫోటో తీసేది. ధూళి పొట్టి తరంగాన్ని ఎక్కువ తింటుంది, పొడుగుదాన్ని తక్కువ. ఆ తేడా చూసి ఎంత పోయిందో లెక్కకట్టి కలిపారు. చుట్టు మరీ పెద్దవైన మైరాలు తమ చుట్టూ తామే ధూళి చిమ్ముకుంటాయి. వాటిని దూరం లెక్కలోంచి తీసేశారు.

2009లో ప్రకటించిన జవాబు: సుమారు 26,900 కాంతి సంవత్సరాలు. అటూ ఇటూ 1,400 దాకా తేడా ఉండొచ్చని వాళ్ళే చెప్పారు. 2019లో ఇంకో జట్టు, కేంద్రంలోని కృష్ణబిలం చుట్టూ తిరిగే ఒక నక్షత్రం దారిని కొలిచి, వేరే పద్ధతిలో లెక్కేసింది. వచ్చింది సుమారు 26,700!