రాత్రివేళ పిక్కలు పట్టుట – ఉపశమన మార్గములు

పగలెల్ల బేరసారములలో మునిగి, దీపములు పెట్టిన పిదప చిట్టా సరిచూచుకొని పడక చేరిన గృహస్థునకు కావలసినది కంటినిండ నిద్ర. ఆ నిద్రను నడిరేయి దొంగవలె వచ్చి హరించు బాధలలో పిక్కల పట్టు ఒకటి. ఇది ప్రాణము తీయు వ్యాధి కాదు. కనుకనే చాలమంది దీనిని వైద్యునితో చెప్పరు. “వయసు మీదపడినది, ఇక నింతే” యని కొందరు ఊరకుందురు. మరికొందరు ఎవరో చెప్పిన మాత్రను మందుల కొట్టునుండి తెప్పించి మ్రింగుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావు. ఈ బాధకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. దానిని తెలిసికొనుటయు, ఏది పిక్కల పట్టు, ఏది మరియొక వ్యాధికి సూచన యని గుర్తించుటయు ప్రతి కుటుంబమునకు అవసరము.

బాధ యొక్క స్వరూపము

నిద్రలో నున్నవానికి హఠాత్తుగా పిక్కలోని కండ ముడివడి రాయివలె గట్టిపడును. కొందరికి అరికాలిలో, కొందరికి తొడలో పట్టును. కాలివ్రేళ్లు క్రిందికి వంగి కొంకర్లు పోవును. బాధ కొన్ని సెకండ్లు మొదలుకొని కొన్ని నిమిషముల వరకు నుండును. పది నిమిషములకు మించుట అరుదు. పట్టు విడిచిన పిమ్మట కూడ ఆ చోటు ఒకటి రెండు దినములు సలుపుచుండవచ్చును.

దీనిని తిమ్మిరితో కలిపి చెప్పుట పొరపాటు. తిమ్మిరి యనగా కాలు మొద్దుబారి చీమలు ప్రాకినట్లుండుట. అందు కండ గట్టిపడదు. పిక్కల పట్టులో చేయి వైచి చూచినచో లోపల గడ్డవలె తగులును.

తెలుగున పిక్క యన్నదానినే కన్నడదేశములో మీనఖండ మందురు. తమిళమున కెండైక్కాల్ అందురు. రెండు చోట్లను చేప పేరే. నడుమ లావై, చివరలు సన్నమైన ఆ కండ ఆకారమును బట్టి వచ్చిన పేర్లు కావచ్చును. చరకసంహిత చెప్పిన ఎనుబది వాతవ్యాధులలో పిండికోద్వేష్టనము, అనగా పిక్కను మెలిపెట్టు బాధ, ఒకటిగా చేర్చబడినది. కనుక ఇది నేటి జబ్బు కాదు. పెద్దవారిలో సగము మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఇది అనుభవమే. ఏబది ఏండ్లు దాటినవారికి తరచుగా వచ్చును. గర్భిణీ స్త్రీలలో అనేకులకు చివరి నెలలలో కనబడును.

ఎందువలన వచ్చును?

దీనికి పూర్తి కారణము వైద్యశాస్త్రములో ఇంకను తేలలేదు. అయినను కొంత తెలిసినది. కండ ముడుచుకొనుట నరము పంపు ఆజ్ఞచే జరుగును. నిద్రించువాని పాదము సహజముగా క్రిందికి వాలి, వ్రేళ్లు ముందుకు చాచియుండును. పైన బరువైన దుప్పటి యున్నచో ఇంకను వాలును. పాదము వాలినపుడు పిక్కకండ ముందే కుంచించుకొని యుండును. అట్టి స్థితిలో నరమునుండి అదుపులేని ప్రేరణ కలిగినచో, ముందే పొట్టియైన కండ మరింత ముడుచుకొని బిగిసిపోవును. దీనినిబట్టి విరుగుడు కూడ తెలియుచున్నది. ముడుచుకొన్న కండను చాపవలెను.

వర్తకుల దినచర్య ఇందుకు కొంత తోడ్పడుచున్నది. కొట్టులో పనిచేయు కుర్రవారు దినమంతయు నిలువబడియే యుందురు. యజమాని గాదిపై బాసింపట్టు వేసికొనియో, కుర్చీలోనో గంటల తరబడి కదలక కూర్చుండును. పూర్వము ఇంటిపనులలోను, కాలకృత్యములలోను మడమలు నేల కానించి గొంతుకూర్చుండుట అందరికి నిత్యము జరిగెడిది. అట్లు కూర్చున్నపుడు పిక్కలు చక్కగా సాగును. ఆ అలవాటు తగ్గుటయు ఈ బాధకు ఒక కారణమని కొందరు వైద్యుల అభిప్రాయము.

పట్టినపుడు చేయవలసినది

మొదట కంగారుపడి మంచముపైనుండి దుముకరాదు. వృద్ధులు చీకటిలో తూలిపడి తుంటి విరుగగొట్టుకొనినచో చిన్న బాధ పెద్ద ఆపద యగును.

లేచి కూర్చుండి, పట్టిన కాలి మోకాలిని చాచి, వ్రేళ్లను పట్టుకొని పాదమును ముఖము వైపునకు మెల్లగా లాగవలెను. వంగలేనివారు తువాలునో, ఉత్తరీయమునో అరికాలి క్రిందుగా పోనిచ్చి, రెండు కొసలను చేతులతో పట్టి లాగవచ్చును. ఈ బాధ తరచుగా వచ్చువారు తలగడ ప్రక్కనే ఒక తువాలు ఉంచుకొనుట మంచిది. పాదమును కుదుపుతో లాగరాదు. పట్టు సడలువరకు అట్లే నిలిపి యుంచవలెను.

లేచి నిలువగలవారు గోడనో, మంచపుకోళ్లనో ఆసరాగా పట్టుకొని, మడమను నేల కదిమి శరీరపు బరువు నా కాలిపై మోపవలెను. పట్టు వదలిన పిమ్మట చేతితో పైపైన మర్దనము చేసి, గోరువెచ్చని కాపడము పెట్టిన సుఖము కలుగును. మధుమేహముచే కాళ్లకు స్పర్శ తగ్గినవారు మాత్రము కాపడము పెట్టుకొనరాదు. కాలినను వారికి తెలియదు.

రాకుండ చేసికొనుట

పడుకొనుటకు ముందు చేయదగిన అభ్యాసము మిక్కిలి సులభమైనది. గోడకు రెండు మూడు అడుగుల దూరమున నిలిచి, అరచేతులు గోడకానించి, మోకాళ్లు వంచక, మడమలు నేలనుండి లేవనీయక, శరీరమును ముందునకు వాల్చవలెను. పిక్కలు సాగుచున్నట్లు తెలియును. నొప్పి మాత్రము పుట్టరాదు. పది సెకండ్లు అట్లే నిలిచి, వెనుకకు వచ్చి, మరల చేయవలెను. ఇట్లు మూడు మార్లు. పిమ్మట మంచము అంచున కూర్చుండి, ఒక కాలిని మంచముమీద చాచి, రెండవ పాదమును నేల కానించి, ముందుకు వంగి తొడవెనుక కండను కూడ అట్లే చాపవలెను. రెండు కాళ్లకును కలిపి ఐదు నిమిషములు పట్టదు.

గోడ అభ్యాసమును గూర్చి 1979లో అమెరికాలో డానియెల్ అను వైద్యుడు వ్రాసి ప్రచారములోనికి తెచ్చెను. 2012లో ప్రకటింపబడిన నెదర్లాండ్స్ దేశపు పరిశీలనలో, 55 ఏండ్లు దాటిన 80 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గముచే ఆరు వారములు పడుకొనుటకు ముందు ఇట్టి అభ్యాసము చేయించిరి. చేయనివారితో పోల్చినపుడు చేసినవారికి పట్లు రాత్రికి సగటున ఒకటికంటె కొంచెము ఎక్కువగా తగ్గెను. బాధ తీవ్రతయు తగ్గెను. ఇంగ్లండులో క్వినైను వాడుచున్న వృద్ధులపై జరిగి, 2005లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో ఇట్టి ఫలితము కనబడలేదు. కావున ఇది అందరికి తప్పక కుదురునని చెప్పరాదు. అయినను ఖర్చులేనిది, హానిలేనిది కనుక ముందుగా దీనిని ఆరు వారములు విడువక చేసి చూచుటయే వివేకము. ఒకనాడు చేసి నాలుగునాళ్లు మానినవారికి ఫలితము తెలియదు.

సూర్యాస్తమయానంతరము నీరు సైతము ముట్టని నియమము గలవారికి ఈ ఉపాయము మరింత అనుకూలము. ఇందు మ్రింగవలసినదేమియు లేదు. నియమమునకు భంగము లేదు.

కాళ్లపై దుప్పటి వదులుగా నుండవలెను. దాని అంచును పరుపు క్రింద దోపి బిగింపరాదు. వెల్లకిల పరుండువారు అరికాళ్లకు ఆనునట్లు ఒక దిండు పెట్టుకొనిన పాదము క్రిందికి వాలదు. మేల్కొనునపుడు ఒళ్లు విరుచుకొనుచు కాలివ్రేళ్లను ముందునకు చాపుట మానవలెను. ఆ సమయముననే పలువురికి పిక్క పట్టును.

నీరు, ఆహారము

బళ్లారి, షోలాపూరు వంటి చోట్ల వేసవిలో కొట్టులో కూర్చున్నవానికే చెమట కారిపోవును. చెమటతో నీరును, ఉప్పును పోవును. రాత్రి పట్లకు ఇదియే ముఖ్య కారణమని రుజువు కాలేదు గాని, శరీరము ఎండిపోకుండ చూచుకొనుట అన్నివిధముల మేలు. రాత్రి నీరు త్రాగనివారు దాహము వేయువరకు ఆగక, ఉదయము మొదలు సాయంకాలము లోపల కాచి చల్లార్చిన నీటిని కొద్దికొద్దిగా పలుమారులు పుచ్చుకొనవలెను. అంతయు సాయంకాలము ఒక్కసారిగా త్రాగినచో రాత్రి పలుమారులు లేవవలసి వచ్చును. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారును, మూత్రము జారీచేయు మాత్రలు వాడువారును దీర్ఘోపవాసము పూనుటకు ముందు వైద్యునితో తప్పక ఆలోచింపవలెను.

పెసలు, కందులు, నువ్వులు, ఆకుకూరలు, పాలు, అరటిపండు శరీరమునకు కావలసిన లవణములను ఇచ్చును. దుంపలు తిననివారికి వీనివలన లోటు తీరును. బి12 అను విటమిను సంగతి మాత్రము వేరు. అది ధాన్యములలోను, కూరలలోను లేదు. పాలు, పెరుగులలో కొంత యుండును. శాకాహారులలో దాని కొరత తరచుగా కనబడును. అరికాళ్లలో మంటలు, తిమ్మిరి, స్పర్శ తగ్గుట యున్నచో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

మందుల విషయము

క్వినైను మాత్రను చలిజ్వరమునకు మందుగా పాతతరమువారందరు ఎరుగుదురు. నీలగిరులలో సింకోనా తోటలు పెంచినది దానికొరకే. 1940 ప్రాంతము నుండి పిక్కల పట్టుకు కూడ దీనిని వాడిరి. అది పట్లను కొంత తగ్గించుమాట నిజమే. అయితే కొందరిలో అది రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కణములను ప్రమాదకరముగా తగ్గించును. గుండె లయను తప్పించును. చెవులలో హోరు పుట్టించును. అందుచే 1994లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ, వైద్యుని చీటి లేకుండ పిక్కల పట్టుకు దీని నమ్మకమును ఆపివేసినది. 2006లోను, 2010లోను మరల హెచ్చరించినది. ఎవరో బాగుపడిరని విని దీనిని సొంతముగా వాడుట అపాయకరము.

మెగ్నీషియము మాత్రలు నేడు విరివిగా అమ్ముడగుచున్నవి. పలు పరిశీలనలను కలిపి విమర్శించి 2020లో ప్రకటించిన కాక్రేన్ సమీక్ష, పెద్దవయసువారికి వీనివలన చెప్పుకోదగిన లాభము కలుగుట సందేహమే యని తేల్చినది. గర్భిణులు ఏ మాత్రయైనను వైద్యుని ఆజ్ఞ లేక పుచ్చుకొనరాదు.

రక్తపుపోటుకు వాడు కొన్ని మూత్రల ఔషధములు, ఉబ్బసమునకు పీల్చు కొన్ని మందులు, కొలెస్టరాలు తగ్గించు స్టాటిన్ మాత్రలు వాడువారిలో పట్లు కొంత హెచ్చుగా కనబడినవి. ఇది విని ఆ మందులను తమంతట తాము మానరాదు. అవి ప్రాణరక్షకములు. వైద్యునికి చెప్పినచో ఆయన ఆలోచించి మార్చవలసినది మార్చును.

వైద్యుని చూడవలసిన సందర్భములు

1. నడచునపుడు పిక్క నొప్పిపుట్టి, నిలిచిన తగ్గి, మరల నడచిన వచ్చుట. ఇది రక్తనాళములు పూడుకొనుటకు సూచన కావచ్చును. పొగత్రాగువారును, మధుమేహులును దీనిని ఏమాత్రము ఉపేక్షింపరాదు.

2. ఒక్క కాలు మాత్రమే వాచి, వెచ్చనై, ఎర్రబడి నొప్పిగా నుండుట. ఇది లోపలి సిరలో రక్తము గడ్డకట్టుట వలన కావచ్చును. అట్టి కాలిని మర్దింపక ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

3. నొప్పి లేకున్నను, కాళ్లు కదలింపక ఉండలేని తహతహ రాత్రులందు కలుగుట. ఇది వేరొక బాధ. దీనికి చికిత్స వేరు.

4. కాళ్లు బలహీనపడుట, కండ తరిగిపోవుట, పట్లు చేతులకును వ్యాపించుట.

5. అభ్యాసము చేసినను తగ్గక, పట్లు రాత్రి నిద్రను తరచుగా చెరచుట.

పిక్క పట్టినవాడు అర్ధరాత్రి తన పాదమును తాను లాగుకొనలేకపోవచ్చును. అప్పుడు ప్రక్కనున్నవారు ఏమి చేయవలెనో తెలియక నలుపుచు కూర్చుందురు. కనుక ఇంటిలోని భార్యకును, కొడుకునకును, కోడలికిని పాదమును ఏ వైపునకు, ఎంత మెల్లగా లాగవలెనో పగటివేళనే చూపి యుంచవలెను. తాతగారి పాదము పట్టుకొనుట పదేండ్ల పిల్లవానికిని చేతనైన పనియే. కొట్టు మూసి ఇల్లు చేరిన యజమాని దినమునకు ఐదు నిమిషములు గోడయొద్ద నిలిచినచో, ఇంటివారి నిద్రయు, తన నిద్రయు నిలుచును.