గుండుకి ఎంత పడుతుందో లెక్కవెయ్యి



మూతి నుంచి మందు దట్టించి కాల్చే పాతకాలపు తుపాకి మీద మనసు పడిందనీ, కొనకముందే దాని సరుకుల ధరలు చూసి వెనక్కి తగ్గుతున్నాననీ, ఇవి ఎక్కడ చవగ్గా దొరుకుతాయో చెప్పమనీ రాశావు. ఎక్కడ అన్నది రెండో ప్రశ్న నాన్నా. ఏ రకం తుపాకి, ఏ కొలత గొట్టం అన్నది మొదటిది. ఈ ఆటలో ఖర్చు దుకాణం గుమ్మం దగ్గర కాదు, తుపాకి ఎంచుకున్న రోజునే సగం తేలిపోతుంది. ఆ ఎంపిక సరిగ్గా చేసుకుంటే తర్వాత కొనాల్సినవి చాలావరకు ఇంట్లో ఉన్నవే అవుతాయి. తప్పితే ఎంత బేరమాడినా జేబుకి చిల్లు పూడదు. ఇంకో మాట. మన భాషలో నల్లమందుకి వేరే అర్థం ఉంది కాబట్టి బ్లాక్ పౌడర్‌ని ఈ ఉత్తరమంతా తుపాకిమందు అనే అంటాను.

సీసా ధర చూడకు, ఒక్కో గుండుకి ఎంత పడుతుందో చూడు. ఒక పౌండులో 7000 గ్రెయిన్లు. 50 క్యాలిబర్ తుపాకిలో 70 గ్రెయిన్ల మందు పోస్తే పౌండుకి 100 సార్లు కాల్చవచ్చు. 32 క్యాలిబర్‌లో 20 గ్రెయిన్లు చాలు, అంటే అదే పౌండు 350 సార్లు వస్తుంది. సీసం సంగతీ అంతే. 50 క్యాలిబర్‌లో వేసే 0.490 అంగుళాల గుండు 177 గ్రెయిన్లు తూగుతుంది, పౌండు సీసానికి 39 గుండ్లు. 45 క్యాలిబర్‌కి వాడే 0.440 గుండు 128 గ్రెయిన్లు, పౌండుకి 54. 32 క్యాలిబర్‌ గుండు 45 గ్రెయిన్లు కూడా ఉండదు, పౌండుకి నూట యాభైకి పైగా వస్తాయి. మందు పౌండు 30 డాలర్లని లెక్క కోసం అనుకుంటే పెద్ద గొట్టంలో గుండుకి 30 సెంట్లు, చిన్న గొట్టంలో 9 సెంట్ల లోపు. రేంజిలో కాగితపు గురి మీద కాల్చడమే నీ ఉద్దేశమైతే, జింకల వేట ఆలోచన లేకపోతే, ఈ తేడా ఏ డిస్కౌంటూ ఇవ్వలేదు. జింకల వేటకి మాత్రం 32 పనికిరాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేటకి కనీస క్యాలిబర్ నిర్ణయించాయి, జంతువుని బాధపెట్టకుండా పడగొట్టాలన్నది దాని ఉద్దేశం. రెండూ కావాలనుకునేవాడికి 45 గానీ 50 గానీ మధ్యేమార్గం. వేట లేని రోజుల్లో మందు 50 గ్రెయిన్లకి తగ్గిస్తే 50 క్యాలిబర్‌లోనూ పౌండుకి 140 సార్లు వస్తుంది, గురికి లోటేమీ ఉండదు.

దుకాణంలో నీకు ముందుగా చూపించేది ఇన్‌లైన్ అనే కొత్త రకం. అందులో ముందే కొలిచి బిళ్లలుగా చేసిన మందు, ప్లాస్టిక్ తొడుగులో కూర్చోబెట్టిన తూటా వేస్తారు. సులువన్న మాట నిజమే, వేటగాళ్లు దాన్ని మెచ్చుకోవడంలో తప్పూ లేదు. అయితే 50 గ్రెయిన్ల బిళ్లలు రెండేసి వేస్తే వంద బిళ్లల డబ్బా యాభై సార్లకే ఖాళీ. తొడుగు తూటాలు పది, పదిహేను, ఇరవై చొప్పున ప్యాకెట్లలో అమ్ముతారు, వాటిని ఇంట్లో చేసుకునే దారి లేదు. అదే విడి మందు, గుడ్డలో చుట్టిన గుండ్రని సీసపు గుండు అయితే ప్రతి అంశమూ నీ చేతిలో ఉంటుంది. మందు తగ్గించుకోవచ్చు, గుండు పోసుకోవచ్చు, గుడ్డ కత్తిరించుకోవచ్చు. రెండువందల ఏళ్ల కిందటి అమెరికా సరిహద్దు ప్రాంతపు రైతు ఊరికి దూరంగా ఉండి నెగ్గుకొచ్చింది ఈ స్వేచ్ఛ వల్లే. "చవకే కావాలంటే మామూలు 22 రైఫిల్ కాల్చుకోవచ్చు కదా" అని నీ స్నేహితుడు అన్నాడని రాశావు. ఒక్కో గుండు ధర ఒక్కటే చూస్తే అతని మాట కాదనలేం. కానీ గంటకి ఎంత ఖర్చయిందో చూడు. ఈ తుపాకిలో ఒక గుండు కాల్చి, తుడిచి, మళ్లీ దట్టించి గురిచూడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. గంటకి ఇరవై కాలిస్తే గొప్ప. 22లో ఆ ఇరవై గుండ్లూ ఒక్క నిమిషంలో అయిపోతాయి.

ఇక మందు. రకం విషయంలో రాజీ పనికిరాని చోటు ఇది, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అసలైన తుపాకిమందు అమెరికా చట్టం దృష్టిలో పేలుడు పదార్థం. అందుకే అమ్మే దుకాణాలు తక్కువ. తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు రవాణా రుసుం పడుతుంది. ఆ రుసుం బరువుని బట్టి కాదు, పెట్టెని బట్టి. రుసుం 40 డాలర్లని ఉదాహరణకి అనుకో. ఒక్క పౌండు తెప్పిస్తే 30 డాలర్ల మందు 70 అవుతుంది. పది పౌండ్లు తెప్పిస్తే పౌండుకి 34. ఐదుగురు కలిసి ఇరవై ఐదు తెప్పిస్తే 32 కూడా పడదు. చవగ్గా మందు కావాలన్నవాడికి వెబ్‌సైటు కన్నా ముందు నలుగురు తోటివాళ్లు కావాలని నేను చెప్పేది ఈ లెక్క చూసే. నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ 1933 నుంచీ ఉంది. దాని కేంద్రం మీ ఇండియానాలోనే, ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో. జూన్‌లో, సెప్టెంబరులో అక్కడ జాతీయ పోటీలు జరుగుతాయి, సరుకులమ్మేవాళ్లు వరసగా కొట్లు పెడతారు. ఇండియానాపొలిస్ నుంచి కారులో సుమారు రెండు గంటలు. చేతికి అందించిన సరుకుకి రవాణా రుసుం ఉండదు. ఊరూరా ఉన్న చిన్న క్లబ్బులు కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు సభ్యులందరికీ కలిపి మందు తెప్పిస్తాయి.

అలాగని బస్తాలకి బస్తాలు పోగుచేసుకోమనడం లేదు. క్రీడకి, పాత తుపాకుల్లో వాడుకోవడానికి 50 పౌండ్ల వరకు ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గానీ, ఇంట్లో నిల్వకి అగ్నిమాపక నియమాలు వేరే ఉంటాయి, చాలాచోట్ల 20 పౌండ్లే హద్దు. అపార్ట్‌మెంట్ అయితే అద్దె ఒప్పందం కూడా చదువు. మందు ఎప్పుడూ కంపెనీ డబ్బాలోనే ఉండాలి. ఒక సీజనుకి సరిపడా ఉంచుకుంటే చాలు. ఆమాత్రమైనా ఎందుకంటే ఈ సరుకు కొద్దిచోట్ల మాత్రమే తయారవుతుంది. లూసియానాలోని మిండెన్‌లో గోయెక్స్ మందు చేసే ఫ్యాక్టరీని 2021లో మూసేస్తున్నారనగానే దేశమంతా అల్మరాలు ఖాళీ అయ్యాయి. మరుసటి ఏడాది బొమ్మ రాకెట్లు చేసే ఎస్టెస్ సంస్థ దాన్ని కొని మళ్లీ నడిపించింది. స్విట్జర్లాండు, జర్మనీల నుంచి వచ్చే మందు మేలైనదే, కాకపోతే దిగుమతి ఖర్చు దానికి తోడు. ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది సైన్యం తుపాకిమందు మన బీహారు ప్రాంతపు సురేకారం మీదే ఆధారపడింది. బ్రిటన్ ఆ ఎగుమతి ఆపగానే వాషింగ్టన్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు.

పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయ మందులు మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి, రవాణా చిక్కూ తక్కువ. చిన్న పేలుడు టోపీతో (పర్కషన్ క్యాప్‌తో) పేలే తుపాకికి అవి చక్కగా పనికొస్తాయి. వాటిని తూకంతో కాదు, కొలపాత్రతో కొలవాలి. ట్రిపుల్ సెవెన్ అనేది ఇంకా బలమైనది, కొలత పదిహేను శాతం తగ్గించమని తయారీదారే చెబుతాడు. ఇవి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి కాబట్టి చెకుముకి తుపాకికి నప్పవు. ఏ ధరకి వచ్చినా, ఎవరు ఊరికే ఇచ్చినా, పొగరాని ఆధునిక మందు మాత్రం చిటికెడైనా ఈ గొట్టంలో పడకూడదు. గొట్టం చీలి చేతులు పోతాయి.

"సురేకారం, గంధకం, బొగ్గే కదా, ఇంట్లో చేసుకుంటే?" అని అడిగావు. వద్దు. డెలావేర్‌లో బ్రాండీవైన్ వాగు ఒడ్డున 1802లో మొదలైన డ్యూపాంట్ మందు మిల్లులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఒక్కో మిల్లుకి మూడు వైపులా మందమైన రాతి గోడలు, వాగు వైపు మాత్రం పలచటి గోడ. పేలితే నీళ్ల వైపు పోవాలని అలా కట్టారు. జీవితమంతా అదే పని చేసినవాళ్లు పేలుడు తప్పదని ముందే ఒప్పుకుని గోడలు కట్టుకున్నారంటే, గ్యారేజీలో నువ్వు మిగిల్చే పది డాలర్లకి అర్థమేముంది? పైగా ఫెడరల్ మినహాయింపు కంపెనీలో తయారైన మందుకే. గింజ పరిమాణం, సాంద్రత ప్రతిసారీ ఒకేలా రాకపోతే గురి కూడా కుదరదు. అంత కష్టపడి నీకే నమ్మకం లేని మందు చేసుకోవడం పొదుపు అనిపించుకోదు.

సీసం దగ్గర నిజంగా మిగులుతుంది, అయితే జాగ్రత్త కూడా అంతే కావాలి. గుడ్డలో చుట్టే గుండుకి మెత్తటి శుద్ధ సీసం కావాలి. పాత ఇళ్ల పైకప్పు రేకులు, పాత నీటి గొట్టాలు, రంగుటద్దాల కిటికీల పట్టీలు పాత సామాను కొట్లలో దొరుకుతాయి. గోరుతో గీస్తే గీత పడే సీసం చాలావరకు పనికొస్తుంది. కారు చక్రాలకి బిగించే బరువులు చవగ్గా వస్తాయి గానీ వాటిలో ఆంటిమొనీ కలిసి గట్టిగా ఉంటాయి, కొత్తవైతే జింకువో ఇనుపవో కూడా. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది, జింకు 420 దగ్గర. కాబట్టి పొయ్యి మంట మితంగా ఉంచితే జింకు ముక్క కరగకుండా పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు. అచ్చు ఒక్కసారి కొంటే జీవితకాలం. ఇంతా చెప్పి, ఇంట్లో పసిపిల్ల ఉన్న నీకు సీసం కరిగించమని చెప్పడం సబబా అని మీ పెద్దమ్మ అడగకపోదు. ఆమె అనుమానం న్యాయమైనది. పిల్లల ఒంట్లోకి వెళ్లిన సీసానికి ఇంత వరకు పరవాలేదన్న హద్దు లేదు. అందుకని ఆ పని మీ ఇంట్లో పెట్టుకోకు. క్లబ్బులో ఎవరి షెడ్డులోనో, ఆరుబయట, ఏడాదికి ఒక్క రోజు కూర్చుంటే సంవత్సరానికి సరిపడా పోసుకోవచ్చు. వంట గిన్నె వాడకు. నీటి చుక్క పడితే కరిగిన సీసం ఎగిరి ముఖాన పడుతుంది. చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని గానీ ఇంటికి రావద్దు. అదీ కుదరదంటే పోసిన గుండ్లే కొనుక్కో. చిన్న క్యాలిబర్ ఎంచుకోమన్న నా మాట అప్పుడు ఇంకా కలిసొస్తుంది.

మిగిలినవన్నీ ఇంటి సరుకే. గుండు చుట్టే గుడ్డకి నూలు దుప్పటి బట్ట, పరుపు గలేబు బట్ట సరిపోతుంది. గంజి పోయేలా ఉతికి వాడాలి. అందులో పాలిస్టర్ పోగు ఉండకూడదు, మంటకి కరిగి గొట్టానికి అంటుకుంటుంది. చమురుగా ఆలివ్ నూనె గానీ, మన ఆముదం గానీ, తేనెమైనం కలిపిన కొవ్వు గానీ చాలు. పెట్రోలియం నూనెలు మాత్రం ఈ మందు మసితో కలిసి తారులా గడ్డకడతాయి. కాల్చాక శుభ్రం చేయడానికి దుకాణాల్లో రంగురంగుల ద్రావకాలు అమ్ముతారు. తుపాకిమందు మసి నీళ్లలో కరిగిపోతుంది, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు వాటి పని చేస్తాయి. డబ్బుకి బదులు ఇక్కడ నువ్వు పెట్టాల్సింది ఓపిక. ఆ మసి గాలిలో తేమని పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. కాల్చిన రోజే కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే పొదుపంతా గొట్టం తుప్పుకే పోతుంది. మందు కొలవడానికి చిన్న ఇత్తడి గొట్టం చాలు, డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి మాత్రం ఎప్పుడూ పోయకు. గుండు మందుకి ఆనుకుని కూర్చుందో లేదో తెలియడానికి కూరే కర్ర మీద కత్తితో ఒక గాటు పెట్టుకో. పైసా ఖర్చు లేని ఆ గాటు లేకపోతే, గుండు మధ్యలో ఆగిపోయి గొట్టం చీలే ప్రమాదం ఉంది.

టోపీలు కొరత వచ్చినప్పుడు దొరకవు, చెకుముకి రాయికి ఆ బెడద లేదు. ఒక మంచి రాయి పదులసార్లు నిప్పు రాలుస్తుంది. కానీ చవక చెకుముకి తుపాకి కొనడం కన్నా మంచి టోపీ తుపాకి కొనడమే మేలు. నిప్పు రాల్చే యంత్రం (తాళం) నాసిరకమైతే తుపాకి పేలకుండా మొరాయిస్తూనే ఉంటుంది.

వాడిన తుపాకి కొంటే సగం ధరకే రావచ్చు. కర్ర లోపలికి దింపి ఎంత దిగిందో బయట గొట్టం పక్కన పెట్టి కొలువు. తక్కువ దిగితే లోపల పాత మందూ గుండూ ఉన్నాయన్నమాట, అలాంటివి తరచుగా దొరుకుతాయి. తడి గుడ్డ తోసి చూడు, చిరిగి వస్తే గొట్టం గుంతలు పడిందని గుర్తు. ఫెడరల్ చట్టంలో ఈ పాతరకం తుపాకి చాలావరకు ఆయుధాల నిర్వచనంలోకి రాదు గానీ, రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉన్నాయి. నీకు గ్రీన్ కార్డు ఉంది. వీసా మీద ఉన్న నీ స్నేహితులు మాత్రం ముట్టుకోకముందే లాయరుని అడగాలి. మందు, టోపీలు విమానంలో చేతిసంచిలోనూ, పెట్టెలోనూ నిషేధం. సంక్రాంతికి ఇండియా వచ్చేముందు సామాను మూలమూలా దులుపు, జేబులో మర్చిపోయిన ఒక్క టోపీ కూడా ఉండకూడదు.

బేరం కుదిరిన తుపాకి ఏదైనా ఉంటే, డబ్బు కట్టేలోపు దాని గొట్టం మూతి కొలతా, తయారీదారు పేరూ రాసి పంపు. ఏ సైజు గుండు, ఎంత మందం గుడ్డ వెయ్యాలో లెక్కచూసి చెబుతాను.

పెదనాన్న