మా హాల్లో డోక్రా సంత

పోయినేడు ఒక పొరపాటు చేశాను. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లోని ఓజా కళాకారుల దగ్గర డోక్రా ఇత్తడి బొమ్మలు తీసుకుని, "అమ్ముడుపోయాక డబ్బు పంపిస్తాం" అన్నాను. సగం మిగిలిపోయాయి. వాళ్ల ఇత్తడి, మైనం, బొగ్గు ఖర్చు నెలల తరబడి మా షోకేసులో ఇరుక్కుపోయింది. అందుకే ఈసారి మొదటి పని, సరుకును రొక్కమిచ్చి కొనడం. మిగిలితే నష్టం మనది.

రెండోది, అదును చూసుకోవాలి. వానాకాలంలో మట్టి అచ్చులు త్వరగా ఆరవు. దీపావళి ముందు దండారి రోజుల్లో గోండు గూడేలన్నీ పండగలోనే ఉంటాయి. పండగ అయ్యాక ఆర్డరిచ్చి, సంక్రాంతి దాటాక అమ్మకం పెట్టుకున్నాం. ఏవి అమ్మొచ్చో వాళ్లనే అడగాలి. ఓజాలు తరతరాలుగా గోండుల దేవతా ప్రతిమలు, గంటలు పోసినవాళ్లు. పూజలో ఉండాల్సింది టీవీ పక్కన పెట్టుకునే వస్తువు కాకూడదు కదా!

అమ్మకంలో మిగిలే డబ్బు దేనికన్నదీ మనం తేల్చేది కాదు. మేం పిల్లల పుస్తకాలకనుకున్నాం. వాళ్లు ఇత్తడి తుక్కు కొనుక్కుంటామన్నారు. అదే ఖాయం చేశాం.

ఇక చీటీలు. ఒక్కో బొమ్మకూ రెండు అంకెలు రాశాం: చేసినవాళ్లు చెప్పిన ధర, దానిపై మేం కలిపింది. వెనకవైపు తయారీ కథ. మట్టి ముద్ద మీద సన్నని మైనపు దారాలు చుడతారు. మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. అంటే "అచ్చం ఇలాంటిదే ఇంకోటుందా?" అనే ప్రశ్నకు జవాబు చీటీలోనే ఉందన్నమాట. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కిన సంగతి కూడా అక్కడే ఒక ముక్క రాశాం.

అపార్ట్‌మెంట్ సంఘానికి ముందే చెప్పి, సోఫా గోడకు జరిపి, తెల్ల దుప్పటి పరిచాం. నెమలిని మా అమ్మాయి కిటికీ దగ్గర పెట్టింది. పదకొండు గంటల ఎండకు దాని తోక మీది మైనపు దారాల గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ముందు అమ్ముడైంది అదే. పాపం గిరిజనులు, కొనండి అని ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో అందరికీ ముందే గట్టిగా చెప్పాను. చేతిలోకి తీసుకుంటే ఆ బరువే మాట్లాడుతుంది.

మూడో అంతస్తు పిన్నిగారు ఏనుగును తిప్పి తిప్పి చూసి, "వంద తగ్గించవే" అన్నారు.

"మీరు చీర కొన్న షాపులో తగ్గించారా పిన్నీ?"

నవ్వి, నిండు ధర ఇచ్చారు. చింతపండుతో తోమచ్చా అని అడిగారు. ఆ సన్న గీతల్లో గుజ్జు ఇరుక్కుంటుంది, మెత్తని బ్రష్‌తో దులిపితే చాలన్నాను.

సాయంత్రమే లెక్క రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాం: కొన్నది, రవాణా, వచ్చింది, పంపింది. డబ్బు పంపిన రసీదు కూడా.

ఈసారి మిగిలినవి రెండు దీపపు కుందులే. ఒకటి మా తులసికోట దగ్గరుంది. రెండోది కావాల్సినవాళ్లు రావచ్చు. బేరం మాత్రం లేదు.